డాక్టరమ్మ కారు, శేషగిరి, నేను

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిపోర్టు ఎలా రాయాలి, లారీల వాళ్ళతో ఎలా నెగ్గుకురావాలి అని అడుగుతారు. అవి ఎవరైనా చెబుతారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి మీద పుట్టే అసూయను ఏం చేసుకోవాలో మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఉద్యోగంలో చాలా ఏళ్ళు నన్ను వెంటాడింది అదే. అందుకని దాని గురించే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి.

ఇద్దరం ఒకేసారి

ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒక రాష్ట్రమైన తొలి రోజులవి. మాచర్ల అవతల కృష్ణ మీద డ్యాము పని జోరుగా సాగుతోంది. ఎడ్లబండ్లూ, ఏదో పూటకొక బస్సూ తప్ప ఎరగని పల్నాడు రోడ్ల మీద లారీలు బారులు తీరాయి. వాటిని తనిఖీ చేయడానికి నరసరావుపేటలో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను వేశారు. ఒకడిని నేను. రెండోవాడు శేషగిరి.

మాది నాదెండ్ల. మా నాన్న మిషను బళ్ళో మాస్టారు. నేను మద్రాసులో మోటారు ఇంజనీరింగు డిప్లొమా చదివాను. శేషగిరి కూడా అక్కడే, హాస్టల్లో నా పక్క గదిలో ఉండి చదివాడు. మార్కులు నాకే ఎక్కువ. ఈ సంగతి నేను తప్ప ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

శేషగిరి పొడుగ్గా, నిటారుగా ఉండేవాడు. పొద్దున వేసుకున్న ఇస్త్రీ చొక్కా సాయంత్రానికి కూడా నలిగేది కాదు. అది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు. నేను పది గంటలకల్లా గ్రీజు పూసుకుని ఉండేవాణ్ణి. బండి పట్టుకున్నప్పుడు అతను ముందు డ్రైవరు ఊరు అడిగేవాడు, తర్వాత పిల్లల గురించి అడిగేవాడు, ఆ తర్వాతే బ్రేకు చూసేవాడు. కేసు రాసినా ఆ డ్రైవరు నమస్కారం పెట్టి వెళ్ళేవాడు. అదే తప్పుకు నేను కేసు రాస్తే వినబడేట్టు తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు. తప్పు ఒకటే, చట్టం ఒకటే, రాసిన మనిషి వేరు. అంతే తేడా.

మా ఆర్టీవో గారు గుంటూరులో ఉండేవారు. పని తెలిసిన మనిషే. అయితే కింద ఉన్న ఇద్దరి మధ్య పోటీ పెడితే పని రెట్టింపు జరుగుతుందని ఆయన నమ్మకం. నన్ను పిలిచి, "శేషగిరి నిన్న మాచర్లలో చేసిన తనిఖీ చూశావా? నీకు అట్టా ఎందుకు కుదరదయ్యా?" అనేవారు. శేషగిరిని పిలిచి, "దాసు రిపోర్టు చూడు, ఒక్క కొట్టివేత లేదు" అనేవారట. శేషగిరి ఆ మాట నాతో నవ్వుతూ చెప్పేవాడు. నాతో అన్న మాట నేను శేషగిరికి ఎప్పుడూ చెప్పలేదు. అది ఇంటికి తీసుకెళ్ళి, అన్నంలో కలుపుకుని తినేవాణ్ణి.

అలాంటి అధికారి కింద పని జరుగుతుంది, కాదనను. కానీ మనుషులు లోపల పుచ్చిపోతారు. మీలో ఎవరైనా పై కుర్చీలోకి వెళితే ఆ పద్ధతి పెట్టుకోకండి.

పరాయి నంబరు కారు

గురజాల దగ్గర ఒక పల్లెలో మిషను ఆసుపత్రి ఉండేది. దానికి జర్మనీ నుంచి హెల్గా అనే డాక్టరమ్మ వచ్చారు. ఆవిడ ఊరి చర్చివాళ్ళు ఒక కారు కొని ఓడలో మద్రాసుకు పంపారు. లేత నీలం రంగు, వెనక తలుపు తీస్తే మనిషిని పడుకోబెట్టేంత చోటు. స్టీరింగు ఎడమ పక్క. వెనక ఆ దేశపు నంబరు ప్లేటు, పక్కన దేశం అక్షరం రాసిన కోడిగుడ్డు ఆకారం బిళ్ళ. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆ కారే ఆంబులెన్సు. కాన్పు కష్టమైతే ఆవిడే తోలుకుంటూ వెళ్ళి తీసుకొచ్చేవారు.

పరాయి దేశపు కారును మన రోడ్డు మీద తిప్పడమంటే మాటలు కాదు. చూసిపోవడానికి వచ్చినవాళ్ళు తమ దేశపు నంబరుతోనే కొంతకాలం తిరగవచ్చు. ఇక్కడే ఉండిపోయేవాళ్ళకు అది కుదరదు. గడువు లోపల కారు మళ్ళీ ఓడెక్కాలి, లేదా కస్టమ్స్‌వాళ్ళతో సుంకం సంగతి తేల్చుకుని మన జిల్లా నంబరు వేయించుకోవాలి. అక్కడి ఇన్సూరెన్సు ఇక్కడ చెల్లదు. అక్కడి లైసెన్సు గడువు దాటితే ఇక్కడ మళ్ళీ పరీక్షకు నిలబడాలి. పైగా ఎడమ స్టీరింగు బండిలో డ్రైవరు చెయ్యి బయటపెట్టేది రోడ్డు అంచు వైపు. దాటి పోవాలని వెనక వచ్చేవాడికి ఆ చెయ్యి కనపడదు. అందుకని కరెంటు సిగ్నలు ఉండి తీరాలి. ఇవన్నీ ఎందుకని విసుక్కునేవాళ్ళు ఉంటారు. ఆ కారు ఎవరినైనా గుద్దితే, ఈ ఏర్పాట్లలో ఒక్కటి లేకపోయినా దెబ్బతిన్నవాడు దిక్కులేకుండా పోతాడు. అందుకు.

ఆ కేసు నాకే వస్తుందనుకున్నాను. అది మా మిషను. మా పెద్దపిల్ల పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఆర్టీవో గారు దాన్ని శేషగిరికి ఇచ్చారు.

"సార్, ఆ ఆసుపత్రివాళ్ళు నాకు బాగా తెలుసు" అన్నాను.

"తెలిస్తే ఏంది? ఆవిడతో ఇంగ్లీషు మాట్లాడాలి. నువ్వు మాట్లాడితే రిపోర్టు చదివినట్టుంటది" అన్నారు.

శేషగిరి ఆ పని చక్కగా చేశాడు. బాగా చేయకపోతే నాకు కొంత హాయిగా ఉండేది. మద్రాసు వెళ్ళి కస్టమ్స్‌వాళ్ళతో మాట్లాడి, ధర్మాసుపత్రి బండి అని మినహాయింపు తెచ్చాడు. ఇక్కడి ఇన్సూరెన్సు కట్టించాడు. పక్కనుంచి చెవిలా పైకి లేచే ఎర్ర సిగ్నలు రెక్కలు రెండువైపులా బిగించి పెట్టించాడు. డాక్టరమ్మకు లైసెన్సు పరీక్ష నరసరావుపేట మైదానంలో పెడితే ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. ఆవిడ పాసయినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు శేషగిరికి కూడా అన్నట్టు అతను చెయ్యి ఊపాడు. నేను ఆ గుంపు వెనక మోటారు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

మన జిల్లా నంబరు పడిన రోజు ఆసుపత్రిలో కేకు కోశారు. కారు ముందు డాక్టరమ్మ, నర్సులు, మధ్యలో శేషగిరి నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటో అతని బల్ల మీద అద్దం కింద ఉండేది. నేను రోజూ దాన్ని చూడకుండా ఆ బల్ల దాటడం నేర్చుకున్నాను.

ఒక ఆదివారం మిషను గుడి నుంచి వస్తూ మా ఆవిడ సువార్త అంది: "ఏమయ్యా, ఇవ్వాళ ప్రార్థనలో శేషగిరి గారిని దీవించమని అడిగారు, విన్నావా?"

"విన్నా."

"ఆయన మన మతం కూడా కాదే! నువ్వు గూడా ఆ ఆఫీసులోనే గదా చేసేది?"

ఇంటికి వెళ్ళేదాకా ఆమె నా ముఖం వంక చూస్తూనే ఉంది. "నీకు కడుపులో మండుతుంది" అంది చివరికి. అది కనిపెట్టడానికి ఆమెకు కష్టం కాలేదు. అప్పటికే ఇంట్లో శేషగిరి పేరు నేను పలకడం మానేశాను. "ఆయన" అని కూడా అనేవాణ్ణి కాదు. "ఆఫీసులో" అనేవాణ్ణి.

బండివాడి కళ్ళు

ఆ చలికాలంలో ఒక సాయంత్రం దాచేపల్లిలో రాళ్ళ లారీలు తనిఖీ చేసి, మోటారు సైకిలు మీద గురజాల వైపు వస్తున్నాను. పొద్దు గూకింది. నా ముందు ఒక ఎడ్లబండి పోతోంది. ఎదురుగా ఏదో కారు వస్తోంది. లైట్లు పెద్దవిగా ఉన్నాయి, తర్వాత తగ్గాయి. పద్ధతి ప్రకారం డిమ్ము చేశారు. అయినా ఆ వెలుతురు తిన్నగా వచ్చి నా కళ్ళల్లో పడింది. ఏమీ కనపడక బ్రేకు తొక్కి ఆగిపోయాను. కారు దాటిపోయాక చూస్తే బండి రోడ్డు పక్క గుంటలోకి ఒరిగి ఉంది. ఎడ్లు కాడి తెంపుకున్నాయి. బండివాడు కింద పడి, చెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు.

కారు కొంచెం ముందుకు పోయి ఆగింది. దిగి వచ్చింది డాక్టరమ్మ. వచ్చీ రాగానే నేల మీద కూర్చుని అతని చెయ్యి తడిమి చూశారు. ఎముక విరిగింది. నేను కర్రముక్కలు వెతికి తెచ్చాను, ఆవిడ తన రుమాళ్ళతో కట్టు కట్టారు.

"ఎద్దులు బెదిరినవా?" అని అడిగారు. ఆవిడ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

బండివాడి పేరు యల్లమంద. "ఎద్దులు కాదమ్మా, నేనే. నాకేం కనపళ్ళా. కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. పగ్గం ఎటు లాగానో కూడా తెలవదు" అన్నాడు.

నాకు అప్పటికే అర్థమైంది. వాళ్ళ దేశంలో బండ్లు కుడివైపు నడుస్తాయి. అందుకని అక్కడ చేసిన లైటు డిమ్ము చేస్తే కుడి అంచు వైపు వాలుతుంది. మన దేశంలో కుడివైపున ఉండేది ఎదురుగా వచ్చేవాడు. అంటే ఆవిడ మర్యాదగా డిమ్ము చేసిన ప్రతిసారీ వెలుతురు ఎదుటివాడి కళ్ళల్లోకే పోతోంది. శేషగిరి ఆ కారును ఆసుపత్రి ఆవరణలో మిట్టమధ్యాహ్నం తనిఖీ చేశాడు. లైట్లు వెలుగుతున్నాయా లేదా చూశాడు గాని, ఎటు వెలుగుతున్నాయో చూడలేదు.

ఆ క్షణాన నాకు కలిగింది జాలి కాదు. సంతోషం. విరిగిన చేతికి నేను ఆసరా పట్టుకుని ఉన్నాను, లోపల ఒక మనిషి ఎగిరి గంతులు వేస్తున్నాడు. దొరికాడు, శేషగిరి దొరికాడు.

డాక్టరమ్మతో చెప్పాను: "అమ్మా, ఈ లైట్లు మన రోడ్డుకు పనికిరావు. అవి మార్చేదాకా చీకటిపడ్డాక కారు తీయకండి."

ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. "శేషగిరి గారు చూచిరి గదా. అంతయు బాగున్నదని చెప్పిరి."

ఆ మాట నా సంతోషంలో నిప్పులు పోసింది. అయినా మళ్ళీ చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు, తల ఊపారు. యల్లమందను కారులో పడుకోబెట్టాం. నేను నా బండి లైటుతో ముందు నడిచాను, ఆవిడ పెద్ద లైట్లు ఆర్పుకుని మెల్లగా వెనక వచ్చారు. అలా ఆసుపత్రి చేరాం.

ఇంటికి వెళ్ళేసరికి సువార్త నా ముఖం చూసి, "ఏంది ఇంత సంతోషంగా ఉన్నావు?" అంది. అంతా చెప్పాను. చేతులు ఊపుతూ చెప్పాను. ఆమె నన్ను సగంలోనే ఆపింది.

"ఆ బండాయన చెయ్యి అతుక్కుంటదా?"

"అతుక్కుంటదిలే. డాక్టరమ్మ చూసింది."

"మరి ఎడ్లు?"

ఎడ్ల సంగతి నేను కనుక్కోలేదు. ఆమె కంచం పెట్టింది.

శేషగిరి ముఖం

నేను తిన్నగా ఆర్టీవో గారికి రిపోర్టు పంపవచ్చు. అది నా హక్కు. పంపలేదు. మంచితనం వల్ల అనుకోకండి. తప్పు బయటపడినప్పుడు శేషగిరి ముఖం ఎలా ఉంటుందో దగ్గరనుంచి చూడాలని. రిపోర్టు పంపితే ఆ ముఖం ఆర్టీవో గారు చూస్తారు, నేను చూడలేను.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాను. శేషగిరి అప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"శేషగిరీ, డాక్టరమ్మ కారు లైట్లు రాత్రి పూట చూశావా?"

"లేదు. ఏం?"

చెప్పాను. డిమ్ము కుడివైపుకు పడటం, యల్లమంద చెయ్యి విరగడం, అన్నీ. చెబుతూ అతని ముఖం వంకే చూస్తున్నాను. రంగు పోయింది. నుదుటి మీద చెమట పట్టింది. నేను కోరుకున్నదంతా కనపడింది, కానీ ఒక్క నిమిషమే. అతను లేచి చొక్కా సర్దుకున్నాడు.

"నిజమే దాసూ. మద్రాసులో చదువుకున్నాం గదా ఇది. నాకు తట్టనే లేదు. పద, గుంటూరు పోదాం."

"గుంటూరు ఎందుకు?"

"ఆర్టీవో దొరగారితో చెప్పబళ్ళా? ఆయనకు వేరేవాళ్ళు చెప్పకముందే మనమే చెబుదాం."

పొద్దుటి బస్సుకే గుంటూరు వెళ్ళాం. ఆర్టీవో గారి గదిలోకి వెళ్ళగానే శేషగిరి నిలబడే చెప్పాడు: "సార్, మిషను ఆసుపత్రి కారు తనిఖీలో నేను తప్పు చేశాను. దానివల్ల ఒక మనిషి చెయ్యి విరిగింది. ఆ తప్పు పట్టుకుంది దాసు. ఈయన చూడకపోతే ప్రాణాలే పోయేవి. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే."

ఆర్టీవో గారు అతనికి మెమో ఇస్తానన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. ఇప్పుడు నన్ను మెచ్చుకుంటారని ఊపిరి బిగబట్టాను.

"చూశావా దాసూ! తప్పు చేసిన మనిషి నా ఎదురుగా వచ్చి ఎట్టా ఒప్పుకున్నాడో చూశావా? ఈ నిజాయితీ నేర్చుకో నువ్వు" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పు అతనిది, పట్టుకున్నది నేను, పేరు వచ్చింది మళ్ళీ అతనికే. బయటికి వచ్చాక శేషగిరి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసెయ్యాలన్నంత కోపం వచ్చింది. తీసెయ్యలేదు.

ఇక్కడ ఒక మాట. నేను ఆ లైటు సంగతి అంత తొందరగా పట్టుకున్నది నా తెలివి వల్ల మాత్రమే కాదు. శేషగిరి చేసిన ప్రతి పనిలో లోపం కోసం నా కళ్ళు వెతుకుతూ ఉండేవి. అసూయ కళ్ళు చాలా దూరం చూస్తాయి. అది మంచి ఇన్‌స్పెక్టరును తయారు చేస్తుంది కూడా. కానీ ఆ కళ్ళకు ఎడ్లు కనపడవు. సువార్త అడిగేదాకా నాకు కనపడలేదు.

కొత్త లైట్లు

కారును చీకట్లో తీయకుండా ఆపారు. కానీ కాన్పులు పగలే వస్తాయా? ఆసుపత్రివాళ్ళకు దిక్కు తోచలేదు. జర్మనీ నుంచి లైట్లు తెప్పించాలంటే ఓడ మీద రావాలి, అక్కడివైనా మన రోడ్డుకు సరిపోయేవి కావాలి. ఈలోపు ఏ తల్లికి ఏమవుతుందో.

నేను కొలత తీసి చూశాను. మన దగ్గర తిరిగే కార్ల గుండ్రటి లైట్లు ఆ గూట్లో సరిగ్గా కూర్చుంటాయి. గుంటూరులో విడిభాగాల షాపులన్నీ తిరిగి ఒక జత తెచ్చాను. శేషగిరి, నేను ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్ళాం. బిగించడం నా పని, అతను స్క్రూలు అందించాడు. పొద్దు గూకాక కారును తెల్లగోడకు ఎదురుగా నిలబెట్టి, వెలుతురు ఎడమవైపుకు వాలేదాకా తిప్పి తిప్పి సరిచేశాను. చేతికి కట్టుతో యల్లమంద కూడా వసారాలో కూర్చుని చూస్తున్నాడు. అతని ఎదురుగా కారును నడిపించి, డిమ్ము చేయించాం.

"ఇప్పుడెట్టా ఉందయ్యా?" అని అడిగాను.

"బానే ఉంది. నీ మొఖం గూడా కనపడతంది" అన్నాడు.

డాక్టరమ్మ సంతోషంగా వచ్చి శేషగిరి చేతులు పట్టుకుని ఇంగ్లీషులో ఏవేవో ధన్యవాదాలు చెప్పారు. అతను అడ్డంగా తల ఊపి నన్ను చూపించాడు. "నేను కాదమ్మా, అంతా ఈయనే చేశారు. తప్పు చేసింది నేను."

ఆవిడ నా వైపు తిరిగారు. "మీరును మంచివారు" అన్నారు.

ఆ "ను" నా చెవిలో చాలా ఏళ్ళు మోగింది. అతని తర్వాత నేను. అతనితోపాటు నేను. ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదని తెలుసు. తెలిసినందువల్ల మంట ఏమీ తగ్గలేదు.

స్టేషను నుంచి ఇంటికి

కొన్నేళ్ళకు శేషగిరికి వైజాగు బదిలీ అయింది. నరసరావుపేట స్టేషనుకు లారీ డ్రైవర్లు, బస్సు ఓనర్లు, షాపులవాళ్ళు దండలతో వచ్చారు. డాక్టరమ్మ గురజాల అవతలినుంచి కారు తోలుకుని వచ్చారు. నేను వెళ్ళనని అనుకున్నాను. సువార్త బలవంతం మీద వెళ్ళాను.

రైలు కదిలేముందు శేషగిరి కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నాడు. "దాసూ, నీతో పని చేసినన్నాళ్ళూ నాకు భయంగా ఉండేదిరా. ఏ కాగితం మీద సంతకం పెట్టినా, దాసు చూస్తే ఏమంటాడో అని మళ్ళీ ఒకసారి చూసుకునేవాణ్ణి. ఆ కారు దగ్గర ఒక్కసారే మరిచా" అన్నాడు. నేను ఏదో అనబోయేలోపల రైలు కదిలింది.

జనం వెళ్ళిపోయారు. డాక్టరమ్మ, "రండి, మిమ్మును ఇంటియొద్ద దించెదను" అన్నారు. అన్నేళ్ళుగా ఆ కారు కింద దూరి చూశాను, చక్రాలు తట్టి చూశాను. లోపల కూర్చోవడం అదే మొదలు. మన కార్లలో డ్రైవరు కూర్చునే చోట నేను కూర్చున్నాను, ఎదురుగా స్టీరింగు లేదు. మలుపు వచ్చినప్పుడల్లా నా కాలు లేని బ్రేకును తొక్కింది.

దారి పొడుగునా ఆవిడ శేషగిరి గురించే మాట్లాడారు. అతను మద్రాసులో ఎంత కష్టపడ్డాడో, లైసెన్సు పరీక్షనాడు ఎంత ఓపికగా చెప్పాడో. నేను వింటూ కూర్చున్నాను. పాత మంట లేచింది. ఎక్కడికి పోతుంది?

మా వీధిలో కారు ఆపి, ఆవిడ కొంచెం దిగులుగా అడిగారు. "ఇకమీదట ఈ కారును ఎవరు చూతురు?"

"నేనేనమ్మా."

"శేషగిరి గారు మీకు అంతయు నేర్పి వెళ్ళినారా?"

చెప్పాల్సిన జవాబులు చాలా ఉన్నాయి. హాస్టలు గది నుంచి మొదలుపెట్టి, మార్కుల నుంచి మొదలుపెట్టి చెప్పవచ్చు. ఆవిడ ముఖం చూశాను. పరాయి దేశంలో, ఎక్కడ ఏ చట్టం తప్పుతానో తెలియని మనిషి. నమ్ముకున్న ఒక్కడూ రైలెక్కి వెళ్ళిపోయాడు.

"నేర్పి వెళ్ళారమ్మా. నాకు తెలిసిందంతా ఆయన నేర్పిందే" అన్నాను.

"అయితే నాకు భయము లేదు" అన్నారు. ముఖం తేటపడింది. గేరు వేసి వెళ్ళిపోయారు.

అసూయ ఆ రోజుతో పోయిందని రాస్తే అది అబద్ధం. వైజాగులో శేషగిరికి సన్మానం జరిగిందని తర్వాత విన్నప్పుడు కూడా అన్నం సయించలేదు. కానీ ఆ సాయంత్రం, ఇంట్లో నేను పలకడం మానేసిన ఆ పేరును అడ్డం పెట్టుకుని ఒక మనిషి దిగులు తీర్చగలిగాను. వీధిలో నుంచే సువార్తను కేకేశాను. ఆమె తలుపు తీసింది.

"శేషగిరిని రైలెక్కించి వచ్చా" అన్నాను.